కాకికొండ మంత్రగత్తె నవ్వు

"సినిమా పెట్టేస్తున్నాం కోరిన్! నువ్వక్కణ్ణించే వింటావుగా?" అని డగ్ వంటింటి వైపు తిరిగి కేకేశాడు. ఏటా వేసే కేకే అది. వేశాక గానీ గుర్తు రాలేదు, ఈసారి భార్య వంటింట్లో లేదని. సోఫా మీద, అతని పక్కనే, కట్టు కట్టిన కుడిచేతిని దిండు మీద ఆనించుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడే ఉన్నాను" అంది కోరిన్.

"అవునుగా!" అని నవ్వేశాడు డగ్. "ఏంటో, వింతగా ఉంది నువ్విలా కూర్చుంటే."

వింతే మరి. పెళ్ళయిన దగ్గర్నించీ హాలోవీన్‌కి వారం ముందు వచ్చే ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో 'కాకికొండ మంత్రగత్తెలు' సినిమా చూడటం ఆనవాయితీ. చూసేది మిగతావాళ్ళు. కోరిన్ వంటింట్లో గుమ్మడికాయల కడుపులు గోకి గుజ్జు తీస్తూ, గింజలు కడిగి ఉప్పు పట్టించి వేయిస్తూ, డగ్ ఆఫీసు పార్టీకి కప్‌కేకుల మీద క్రీముతో సాలెగూళ్ళు గీస్తూ, కూతురు హేజెల్ వేషానికి అంచులు కుడుతూ వినేది. సినిమాలో చర్చి గంట మోగితే ఓవెన్‌లోంచి మొదటి పళ్ళెం తీయాలి. కాకులు అరిస్తే గింజలు ఒకసారి కలియబెట్టాలి. చివర్లో పెద్ద మంత్రగత్తె టాన్సీ మిల్లు పైకప్పెక్కి నవ్వే నవ్వు వినబడిందంటే ఇక చెయ్యి కడుక్కుని అందరికీ పళ్ళాలు పెట్టాలి. "మా ఆవిడకి ఈ సినిమా రేడియోలో వచ్చింది" అని చుట్టాలతో అనేవాడు డగ్. అందరూ నవ్వేవాళ్ళు. కోరిన్ కూడా పెదాలు కదిపేది.

ఇరవై ఏళ్ళ నుంచీ పళ్ళ డాక్టరు దగ్గర ఊళ్ళోవాళ్ళ పళ్ళ గార గోకీ గోకీ ఆమె మణికట్టు నరం నలిగిపోయింది. ఆపరేషన్ చేసిన డాక్టరు మూడు వారాలు ఆ చేత్తో చెంచా కూడా ఎత్తొద్దన్నాడు. ఆ మాట విని డగ్ మొదట అన్నది, "మూడు వారాలా? మధ్యలో హాలోవీన్ ఉందే!" అని. తర్వాత తనే సర్దుకుని, "పోన్లే, ఈసారికి కప్‌కేకులు కొట్లో కొనేద్దాం" అని ఓ గొప్ప త్యాగం చేసినట్టు మొహం పెట్టాడు. సాయానికని డగ్ వాళ్ళమ్మ బెవర్లీ వచ్చింది. పడకకుర్చీలో కూర్చుని ఏది ఎక్కడ పెట్టాలో చెప్పడమే ఆవిడ చేసిన సాయం. గుమ్మడికాయలు మాత్రం గోకేవాళ్ళు లేక వాకిట్లో అలాగే కూర్చున్నాయి.

సినిమా మొదలైంది. కోరిన్ చిన్నప్పుడు ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. తీసింది వాళ్ళ కెల్టన్ ఊళ్ళోనే, నది అవతల మూతబడ్డ ఉన్ని మిల్లులో. అప్పుడామెకి పదకొండేళ్ళు. బడి నుంచి వస్తూ వంతెన మీద ఆగి, మిల్లు కిటికీల్లో వెలిగే పెద్ద పెద్ద దీపాలు చూసేది. తెర మీద టాన్సీ, ఆమె తోటి నలుగురు మంత్రగత్తెలు మిల్లు కింద నేలమాళిగలో వందేళ్ళ నిద్ర నుంచి లేస్తారు. ఊరివాళ్ళు ఎత్తుకుపోయి పూలకుండీగా వాడుకుంటున్న తమ పాత కాగు కోసం ఊరంతా గాలిస్తారు. ఓ తెలివైన పిల్ల గంట మోగించి వాళ్ళని మళ్ళీ నిద్రపుచ్చుతుంది. చిన్నప్పుడు ఆ పిల్ల తనేనని అనుకునేది కోరిన్. గంట మోగినప్పుడల్లా చప్పట్లు కొట్టేది.

ఇన్నేళ్ళ తర్వాత చేతులు ఖాళీగా పెట్టుకుని చూస్తుంటే ఆ పిల్ల మీద కళ్ళు నిలవడం లేదు. ఆ పిల్ల తల్లి కనిపిస్తోంది, గుమ్మంలో నిలబడి 'చీకటి పడకముందే వచ్చెయ్' అని ఒక్క మాట అని, సినిమా అయ్యేదాకా మళ్ళీ కనబడని మనిషి. పాపం, ఎక్కడికి పోయిందో, లోపల గింజలు వేయిస్తోందేమో. ఇక ఆ ఐదుగురు మంత్రగత్తెలు! ఎంత బాగున్నారు! ఒక్కతె కూడా పడుచుది కాదు, నాజూకైనది కాదు. కాగు దొరికాక దాని చుట్టూ నిలబడి వంతులేసుకుని కలుపుతారు. ఒకతె కలుపుతుంటే ఒకతె రుచి చూస్తుంది, ఒకతె పాట ఎత్తుకుంటుంది. 'ఇవాళేం వండావు' అని అడిగేవాడు లేడు. ఉడికింది ఉడికినట్టు అందరూ కలిసి నిలబడే తాగేస్తారు. టాన్సీ వేషం కట్టినావిడ నడుస్తుంటే నేల ఆమె సొంతమన్నట్టు ఉంది. చీపురు చేతిలో పట్టుకుంటే ఊడవడానికి పట్టుకున్నట్టు లేదు, ఎటు పోవాలో తేల్చుకోవడానికి పట్టుకున్నట్టుంది. ఇంత మంచి సినిమానా నేను ఇన్నేళ్ళూ గోడ అవతల నుంచి విన్నది, అనుకుంది కోరిన్. కళ్ళు చెమ్మగిల్లితే ఎడంచేత్తో తుడుచుకుంది.

అంతలో డగ్ కొట్లో కొన్న కప్‌కేకుల పెట్టె సోఫా మీద పెట్టి, లేచి కర్టెన్ సర్ది, తిరిగొచ్చి సరిగ్గా దాని మీదే కూర్చున్నాడు. నారింజరంగు క్రీము ప్యాంటంతా అయింది. పదిహేనేళ్ళ హేజెల్ విరగబడి నవ్వింది. నవ్వు కింద నుంచి మొదలై, నీళ్ళు మరిగినట్టు పైకొచ్చి, మధ్యలో ఎక్కిలి పడ్డట్టు ఒక్క క్షణం విరిగి, మళ్ళీ రెట్టింపై ఇంటి కప్పుకి తగిలింది.

"చాల్లే ఊరుకో, అదేం నవ్వే ఆడపిల్లవి!" అని బెవర్లీ కసిరింది. "నవ్వు నాలుగు విధాల చేటు. పక్కింటివాళ్ళు ఏమనుకుంటారు?"

"మంత్రగత్తె టీవీలో ఉందనుకున్నాను, ఇంట్లోనే ఉంది" అన్నాడు డగ్ ప్యాంటు తుడుచుకుంటూ.

హేజెల్ చెయ్యి చటుక్కున నోటి మీదికి పోయింది. కోరిన్ ఆ చెయ్యినే చూసింది. ఆ చెయ్యి తనకి తెలుసు. అమ్మ చెయ్యి అది. తనకి గుర్తున్నంత వరకూ వాళ్ళమ్మ ఒడెట్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వింది లేదు. పళ్ళు వంకరేమోనని అనుకునేది చిన్నప్పుడు. పెద్దయి ఈ ఉద్యోగంలో చేరాక అమ్మ నోరు తనే శుభ్రం చేసింది. వంకరా లేదు, టింకరా లేదు, ముత్యాల్లాంటి పళ్ళు.

తెర మీద టాన్సీ మిల్లు కప్పు ఎక్కింది. నవ్వు మొదలైంది. కింద నుంచి, నీళ్ళు మరిగినట్టు. మధ్యలో ఎక్కిలి పడ్డట్టు విరిగింది. మళ్ళీ లేచింది. కోరిన్ ముందుకి వంగింది. అంత నవ్వు సాగుతుంటే ఆ నటి పెదాలు అప్పటికే మూతబడ్డాయి. వినేవాళ్ళకి తెలియదు గానీ, చూసేవాళ్ళకైతే తెలియాలి. చూసేవాళ్ళు మాత్రం ఇన్నేళ్ళూ పళ్ళాల కోసం వంటింటి వైపు చూశారు.

"వెనక్కి పెట్టు" అంది.

"ఎందుకూ?" అన్నాడు డగ్.

"పెట్టు."

ఈసారి కళ్ళు మూసుకుని వింది. వంటింట్లో నిలబడి విన్నట్టు. ఎప్పుడో ఏడేళ్ళప్పుడు వేసవిలో, అమ్మా లూసీల్ పిన్నీ పెరట్లో తడి దుప్పట్లు ఆరేస్తుంటే, గాలికి ఓ దుప్పటి ఎగిరి, ఇంటికొస్తున్న చర్చి ఫాదర్ నెత్తిన పడింది. ఆయన రెండు చేతులూ చాచి గుడ్డివాడిలా తడుముకుంటుంటే అమ్మ నవ్విన నవ్వు ఇదే. ఇదే విరుపు. ఆ వెంటనే నాన్న నార్మన్ గొంతు, "ఒడెట్!" ఒక్క పిలుపు, అంతే. రాత్రి భోజనాల దగ్గర రొట్టె విరుస్తూ మామూలుగానే అన్నాడు, "నువ్వలా నవ్వుతుంటే కోడిని కోస్తున్నట్టుంటుంది ఒడెట్. మనుషుల్లో ఉన్నాం." కొట్టిందీ లేదు, తిట్టిందీ లేదు. ఆ తర్వాత ఆ నవ్వు ఇంట్లో వినబడలేదు.

మర్నాడు పొద్దున్నే కోరిన్ పుట్టింటికి వెళ్ళింది. మెట్లెక్కగానే తలుపుకి వేలాడుతున్న ప్లాస్టిక్ టాన్సీ బొమ్మ కళ్ళు ఎర్రగా వెలిగించి నవ్వింది. మనిషి అలికిడైతే నవ్వే బొమ్మ. సినిమా వచ్చిన ఏడాది ఊళ్ళో ప్రతి కొట్లోనూ అవే. నార్మన్ తనే ముచ్చటపడి కొన్నాడు. పాతది పాడైతే కొత్తది కొన్నాడు. "అబ్బ, ఏం నవ్విందిరా!" అంటూ వచ్చినవాళ్ళ చేత మళ్ళీ మళ్ళీ మెట్లెక్కించేవాడు.

ఆయన స్నేహితులతో కాఫీకి వెళ్ళాడు. ఒడెట్ పొయ్యి దగ్గర బఠాణీ సూప్ కలుపుతోంది. డెబ్భై దాటినా నడుం వంగలేదు. మనిషి మాత్రం ఎప్పుడూ ఎవరి దారికో అడ్డం తొలగుతున్నట్టు ఓ పక్కకి నిలబడుతుంది.

"అమ్మా, టాన్సీ నవ్వు నీదేనా?"

ఒడెట్ గరిటె ఆపింది. పొయ్యి మంట తగ్గించింది. "ఇన్నేళ్ళు పట్టిందేమే నీకు?" అంది.

కోరిన్ కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఆ సినిమావాళ్ళందరికీ సూప్ పొయ్యడానికి బడి వంటశాల నుంచి నన్ను పంపించారు, గుర్తుందా? ఆ టాన్సీ వేసినావిడ చలిలో అరిచీ అరిచీ గొంతు పోగొట్టుకుంది. ఆఖరి నవ్వు రావట్లేదు. డైరెక్టరు జుట్టు పీక్కుంటున్నాడు. నేనేమో బల్ల వెనకాల ఉన్నా. మొహానికి రంగులేసే పిల్ల ఏదో అంది. ఏదో ఏంటిలే, డైరెక్టరు విగ్గు గురించి అంది. నవ్వేశా. ఆపుకోలేకపోయానే! మిల్లంతా ఒక్కసారి నావైపు తిరిగింది. అయిపోయింది రా భగవంతుడా, పనిలోంచి తీసేస్తారు అనుకున్నా. ఆయన పరిగెత్తుకొచ్చి, 'ఆ నవ్వు మళ్ళీ నవ్వమ్మా' అన్నాడు."

"నవ్వావా?"

"ఎక్కడొస్తుందీ? ఓ గదిలో కిటికీలకి కంబళ్ళు కట్టి, మైకు పెట్టి, అందరూ చూస్తుంటే నోరు పెగల్లేదు. అప్పుడు ఆవిడే వచ్చింది, ఆ నటి. అందర్నీ బయటికి పొమ్మంది. నెత్తిన టోపీ తీసేసి నా పక్కన నేల మీద చతికిలబడింది. గొంతు లేదుగా, గుసగుసలాడింది. 'ఇంట్లో నిన్ను నవ్వొద్దనేదెవరు?' అంది. నేను చెప్పలేదు. 'సరే, చెప్పకు. వాళ్ళ మొహం తలుచుకో' అంది." ఒడెట్ చెయ్యి అలవాటుగా నోటి దగ్గరికి పోయింది. "మీ నాన్న మొహం తలుచుకున్నానే. రొట్టె విరుస్తూ గంభీరంగా. ఇంక ఆగలేదు. నవ్వీ నవ్వీ చివర్లో ఏడుపొచ్చేసింది. అది కోసేశారులే. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుని, 'నా వేషానికి ప్రాణం పోశావు' అంది. ఎంత గొప్ప మనిషో! వేరేవాళ్ళయితే చిన్నబుచ్చుకునేవాళ్ళు. పేరు వేస్తామన్నారు. నేనే వద్దన్నా."

"నాన్నకెందుకు చెప్పలేదమ్మా?"

"చెబుదామనే అనుకున్నా. అందరం హాలుకి వెళ్ళామా, ఆ నవ్వొచ్చింది. మీ నాన్న నా మోచెయ్యి పట్టుకుని, 'ఒడెట్, విన్నావా? అదీ నవ్వంటే!' అన్నాడు. ఇంక నోరు రాలేదు." సూప్ వైపు తిరిగింది. "తింటావా కొంచెం?"

మెచ్చుకున్నాడుగా, అదే సందుగా చెప్పేయొచ్చుగా అనుకుంది కోరిన్. కానీ అమ్మ వీపు చూసి అడగలేదు. ఎడంచేత్తో సూప్ తాగుతూ ఆ వీపునే చూసింది. దేశమంతా పిల్లలు అనుకరించే గొంతు ఈ వంటింట్లో ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది. తన తల్లి ఇంత మనిషని తనకి ఎవరూ చెప్పలేదు. తల్లి అసలే చెప్పలేదు. గర్వంతో పాటు మరొకటి కూడా లోపల కదిలింది, అదేమిటో అప్పటికి అందలేదు.

కెల్టన్ సినిమా హాల్లో హాలోవీన్ ముందు శనివారం మధ్యాహ్నం ఈ సినిమా ఆడించడం రివాజు. ఊరంతా నల్ల టోపీలు పెట్టుకుని వస్తుంది. ముందు టాన్సీ నవ్వు పోటీ, తర్వాత సినిమా. నార్మన్ ఒక్క ఏడు కూడా మానలేదు. కోరిన్ తల్లినీ కూతుర్నీ కూడా తీసుకెళ్తానంది.

"అందరూ పోతే గుమ్మడికాయలెవరు చెక్కుతారు?" అన్నాడు డగ్.

"కత్తి పొయ్యి పక్క సొరుగులో ఉంది" అంది కోరిన్.

"నా కొడుక్కి అలాంటి పనులు అలవాటు లేదమ్మా" అంది బెవర్లీ కుర్చీలోంచి.

"మీరున్నారుగా బెవర్లీ, పక్కనే కూర్చుని చెప్పండి" అని కోటు భుజాన వేసుకుంది. అత్త నోట మాట రాకముందే బయట పడింది. తండ్రి కారు వెనక సీట్లో హేజెల్ కిటికీ వైపు తిరిగి పెదాలు బిగబట్టి నవ్వాపుకుంటోంది. "ఆపుకోకు" అంది కోరిన్. హేజెల్ ఆశ్చర్యంగా చూసింది.

హాలు కిటకిటలాడుతోంది. నడవ పక్క సీట్లో నార్మన్, పక్కన ఒడెట్, తర్వాత కోరిన్, హేజెల్. వేదిక మీద ఓ అమ్మాయి మైకు పట్టుకుని పోటీకి పిలుస్తోంది. గడ్డాలు అంటించుకున్న కుర్రాళ్ళు వచ్చారు, బడి పిల్లలు వచ్చారు, అగ్నిమాపక దళం నుంచి ఒకాయన లంగా కట్టుకుని మరీ వచ్చాడు. ఒకరు కీచుగా, ఒకరు బొంగురుగా. నార్మన్ ఒక్కొక్కరికీ పెదవి విరిచాడు. "ఛ, అది కాదు. ఆ విరుపేదీ? చివరిదాకా ఊపిరేదీ? అదో విద్య. అందరికీ రాదు."

ఒడెట్ కోటు బొత్తాలు విప్పుకుంది. లేచింది.

"ఎక్కడికి?" అన్నాడు నార్మన్.

"పైకి."

"పిచ్చా నీకు? కూర్చో ఒడెట్. నవ్వులపాలవుతావు."

"అందుకే వెళ్తున్నా" అని, ఆయన మోకాళ్ళు దాటుకుని నడవలోకి వచ్చింది.

గోధుమరంగు కోటు, చదునైన బూట్లు, తెల్లజుట్టు. టోపీ కూడా లేదు. వేదిక ఎక్కుతుంటే వెనక ఎవరో "బామ్మా, జాగ్రత్త!" అని అరిచారు, నలుగురు కిసుక్కుమన్నారు. మైకు అందించబోతే వద్దంది. అమ్మ చెయ్యి పైకి లేవడం కోరిన్ చూసింది, ఇక నోటి మీదికి పోతుంది అనుకుంది. ఆ చెయ్యి జుట్టు వెనక్కి నెట్టుకుని కిందికి దిగింది.

నవ్వింది.

వయసుతో గొంతు కాస్త కరుకెక్కింది, అంతే తేడా. కింద నుంచి లేచింది, మరిగింది, విరిగింది, విరిగిన చోట నుంచి మళ్ళీ లేచి హాలు కప్పుని అంటుకుంది. సినిమాలో కోసేసిన చోటు దాటి కూడా పోయింది. ఎవరూ ఎన్నడూ వినని ఆ చివరి భాగం కూడా ఒడెట్ నవ్వేసింది. ఈసారి దాని చివర ఏడుపు లేదు. ముందు వరసలో చంటిపిల్ల ఒకతి తల్లి ఒళ్ళోంచి లేచి నిలబడి చూసింది. ఆ తర్వాత ఒక్కసారిగా హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"అచ్చం అలాగే! ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అంది మైకు అమ్మాయి.

"ఇక్కడే" అంది ఒడెట్. "నది అవతల, మిల్లులో. సూప్ పోస్తూ."

ఆ కాలం తెలిసిన ముసలివాళ్ళు మూడు నాలుగు వరసల్లో ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. కోరిన్ తండ్రి వైపు తిరిగింది. ఆయన నెత్తి మీది టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఒడెట్ వచ్చి ఆయన మోకాళ్ళు దాటుకుని తన సీట్లో కూర్చుని కోటు సర్దుకుంది.

"అది నువ్వా?" అన్నాడు నార్మన్.

"నేనే."

"ఇన్నేళ్ళూ... మరి చెప్పలేదేం?"

"నువ్వు దాన్ని మెచ్చుకునేవాడివి నార్మన్" అంది ఒడెట్ మెల్లగా, కోపం లేకుండా. "నాదని తెలిస్తే మెచ్చుకోవడం మానేస్తావేమో అనుకున్నా."

నార్మన్ టోపీని తిప్పుతూ కూర్చున్నాడు. ఎప్పుడూ మాట తడుముకోని మనిషి, ఇప్పుడెవరైనా ఓ మాట అందిస్తే బాగుండునన్నట్టు చూశాడు. ఎవరూ అందించలేదు.

హేజెల్ తల్లి చెవి దగ్గరికి వంగింది. "అమ్మమ్మ అలా నవ్వుతుంది, నేనూ అలాగే నవ్వుతానంటారు. నువ్వెలా నవ్వుతావమ్మా? నేనెప్పుడూ వినలేదు."

కోరిన్ అమ్మ ఒళ్ళోని చేతుల వైపు చూసింది. ఆ రోజు అమ్మ వంటింట్లో తను సూప్ తాగుతుంటే లోపల కదిలి అందకుండా పోయినదేదో ఇప్పుడు చేతికి తగిలింది. అమ్మ తన నవ్వుని దాచుకుంది. ఉందని తెలిసి, ఎక్కడుందో తెలిసి దాచుకుంది. కోరిన్ దాచుకోను కూడా లేదు. ఆ నోటి మీది చెయ్యిని చూస్తూ పెరిగి, నవ్వు మొలకెత్తకముందే దాని మీద పెదాలు కదపడం నేర్చుకుంది. డగ్ వేసే జోకులకి కదిపింది, పళ్ళ డాక్టరు వేసే జోకులకి కదిపింది, నొప్పెడుతున్న మణికట్టుతో మూతబడని నోళ్ళ మీదికి వంగి కదిపింది. వందల మంది పళ్ళు తెలిసిన మనిషికి తన నవ్వు ఎలా ఉంటుందో తెలియదు.

"ఇంకెవరైనా ఉన్నారా?" అని వేదిక మీద నుంచి అమ్మాయి అడిగింది. "ఈ బామ్మ తర్వాత ఎవరికి ధైర్యం ఉందిలెండి!" హాలు నవ్వింది.

కోరిన్ చేతిసంచి తీసి తండ్రి ఒళ్ళో పెట్టింది. ఆయన మారుమాట్లాడకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. ఒడెట్ కాళ్ళు పక్కకి తిప్పుకుని కూతురికి దారిచ్చింది. కట్టు కట్టిన చెయ్యి గుండెకి ఆనించుకుని కోరిన్ మెట్ల వైపు నడిచింది. కీచుగా వస్తుందో, బొంగురుగా వస్తుందో, సగంలో ఆగిపోతుందో తెలియదు. వచ్చింది వచ్చినట్టు రానిద్దాం అనుకుని, వేదిక మీద నిలబడి నోరు తెరిచింది.